మీకు తెలుసా? సిలిండరు గోడకు గీతలే శ్రేయస్కరము

డీజిల్ ఇంజనునకు స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని దాని పరిమాణములో ఇంచుమించు ఇరువదవ వంతునకు అదిమినపుడు జనించు తాపమే ఇంధనమును మండించును గనుక, సిలిండరు అరిగి ఆ పీడనము జాఱిపోవు పాతబండి చలికాలపు ఉదయమున ఎంత సెల్ఫు కొట్టినను మొండికేయును. చిరకాలము టాక్సీగా తిరిగిన అంబాసిడర్ కారులోని 1489 సి.సి. డీజిల్ ఇంజనును విప్పి లేతు షాపున కిచ్చినచో, అచ్చటి పనివాఁడు బోరును పైన, నడుమ, క్రింద కొలిచి, పిస్టను రింగులు వెనుదిరుగు పైభాగమున అరుగుదల హెచ్చని చూపి, రీబోరు చేయుటయో స్లీవు దింపుటయో నిర్ణయించును. క్రాంకును సానపట్టి పావు మిల్లీమీటరు తగ్గించినచో, అంతకు తగిన మందపు బేరింగులనే తెమ్మనును.

విచిత్రమేమనగా, అద్దమువలె మెఱయు సిలిండరు గోడ ఆరోగ్యలక్షణము కాదు! మితిమీరిన నునుపుపై ఆయిలు నిలువదు, క్రొత్త రింగులు కుదురుకొనవు. అందుచేతనే బోరు ముగిసిన పిమ్మట హోనింగు రాళ్లను త్రిప్పుచు పైకిని క్రిందికిని ఆడించి, ఒండొంటిని ఖండించు సన్నని గీతలను బుద్ధిపూర్వకముగా గీయుదురు. పిదప సబ్బునీట రుద్ది కడుగక, కిరసనాయిలు గుడ్డతో తుడిచి సరిపుచ్చు తొందరపాటు మనవారిలో లేకపోలేదు. గీతలలో దాగిన రాతిపొడి ఆ క్రొత్త రింగులనే అరగదీయును.