అండమాన్ ఎంత దూరం?

బంగాళాఖాతంలో చుక్కలవలె కనిపించే అండమాన్, నికోబార్ దీవులు మనకు ఎంత దూరం? ఈ ప్రశ్నకు కిలోమీటర్లలోనూ, గంటలలోనూ సమాధానం చెప్పవచ్చు. కిలోమీటర్లు మారవు, గంటలు మాత్రం తరతరానికీ తగ్గుతూ వచ్చాయి.

1858 మార్చిలో బ్రిటిషువారు తొలి ఖైదీల బృందాన్ని ఓడలో ఈ దీవులకు చేర్చారు. కాలాపానీ అన్న మాటలో శిక్ష ఎంత ఉన్నదో, సముద్రపు దూరమూ అంత ఉన్నది. 1922-24 నాటి మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నిలిచినవారిలో కొందరు కూడా ఖైదీలుగా ఈ నీటిని దాటినవారే. నేటికీ ప్రధాన భూభాగం నుంచి నౌకలో చేరడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది.

దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్. దీనికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఇక్కడి వీర్ సావర్కర్ విమానాశ్రయానికి గగనమార్గాన విశాఖపట్నం సుమారు 1,225, కోల్‌కతా 1,305, చెన్నై 1,370, హైదరాబాదు 1,660 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఈ నాలుగింటిలో అతి సమీపమైనది విశాఖయే. అయినా నేరుగా పోయే విమానం దొరకని ప్రయాణికుడు చెన్నై మీదుగా వెళితే సుమారు 2,000 కిలోమీటర్లు తిరగవలసివస్తుంది. దూరాన్ని నిర్ణయించేది పటం ఒక్కటే కాదు, విమానాల రాకపోకలు కూడా.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే చెన్నై నుంచి గంటా ముప్పావులోపే చేరాలి. కాని నేలమీద కదలిక, పైకెగయడం, దిగడం అంత వేగంగా సాగవు. ఎదురుగాలి ఆలస్యం చేస్తుంది. కనుకనే కాలపట్టికలో రెండు గంటలకు పైగా చూపుతారు. వర్షాకాలంలో మబ్బులు కమ్మి దిగడానికి వీలులేకపోతే, విమానం మళ్లీ సముద్రం దాటి వెనుకకు రావలసిన సందర్భాలూ ఉంటాయి. అందుకు సరిపడే ఇంధనం ముందే నింపుకొని బయలుదేరుతుంది.

మరొక విశేషం. చెన్నైకీ పోర్ట్ బ్లెయిర్‌కూ రేఖాంశాలలో పన్నెండున్నర డిగ్రీల తేడా ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ 50 నిమిషాలు ముందు నడుస్తాడు. అయినా ప్రయాణికుడు గడియారం ముల్లు తిప్పనక్కరలేదు. కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమే దేశమంతటికీ కాలాన్ని నిర్ణయిస్తున్నది.

2011 జనగణన ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. పెద్ద ఆసుపత్రికి తరలించవలసిన రోగికీ, పరీక్షకు రావలసిన విద్యార్థికీ, తల్లిదండ్రుల కడచూపుకై బయలుదేరిన బిడ్డకూ మూడు రోజులకూ రెండు గంటలకూ నడుమ ఉన్న తేడా అంకెలతో తీరేది కాదు. దీవులు ఉన్నచోటనే ఉన్నవి, దగ్గరైనది మనుషులు.