పిచ్చోడన్నారు... ఇప్పుడు ఆ ఊరికి ఆయనే గుర్తింపు!

వారసత్వ కట్టడం అనగానే మనకి గుర్తొచ్చేవి రాజులు, కోటలు, గుళ్ళు. ఈరోజు చెప్పేది మాత్రం ఒక పోస్ట్‌మ్యాన్ డ్యూటీ అయ్యాక కట్టిన కట్టడం గురించి.

ఆగ్నేయ ఫ్రాన్స్‌లో డ్రోమ్ ప్రాంతంలో ఓత్‌రివ్ అనే కమ్యూన్ ఉంది. కమ్యూన్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది అనుకోండి. జనాభా సుమారు 2 వేలు. అక్కడ ఫెర్డినాండ్ షెవాల్ అనే ఆయన రోజూ 30 కిలోమీటర్లకు పైగా నడిచి ఉత్తరాలు పంచేవారు. 1879లో, 43 ఏళ్ళ వయసులో, దారిలో ఒక రాయి కాలికి తగిలి పడబోయారు. తీసి చూస్తే భలే వింతగా ఉంది. మర్నాడు అక్కడికే వెళ్ళి ఇంకొన్ని ఏరుకున్నారు. మొదట జేబుల్లో, తర్వాత బుట్టలో, ఆ తర్వాత తోపుడు బండిలో మోశారు.

ఆయన అంతకుముందు బేకరీలో పనిచేసిన మనిషి. తాపీ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రాత్రిళ్ళు దీపం పెట్టుకుని రాళ్ళు, సున్నం, సిమెంటుతో కడుతుంటే ఊళ్ళో వాళ్ళు పిచ్చోడన్నారు. అయినా ఆపలేదు. 33 ఏళ్ళు పట్టింది, 1912లో పూర్తయింది. పొడవు 26 మీటర్లు. పేరు 'పలే ఇదేయాల్', అంటే ఆదర్శ ప్రాసాదం.

ఇందులో మనకి నచ్చే విషయం ఒకటుంది. పశ్చిమం వైపు గోడలో ఒక హిందూ ఆలయం, పక్కనే మసీదు, స్విట్జర్లాండ్ ఇల్లు కనిపిస్తాయి. ఆయన ఇండియా ఎప్పుడూ చూడలేదు. తను పంచే పోస్ట్‌కార్డులు, పత్రికల్లోని బొమ్మలే ఆయనకి ప్రపంచం.

చనిపోయాక అందులోనే సమాధి చేయాలని కోరుకున్నారు. అనుమతి రాలేదు. సరే అని ఊరి శ్మశానంలో ఇంకో 8 ఏళ్ళు కష్టపడి తన సమాధి తానే కట్టుకున్నారు. 1924లో కన్నుమూశారు.

అసలు కథ ఆ తర్వాతే. దీన్ని కాపాడాలా వద్దా అన్నప్పుడు సాంస్కృతిక శాఖలోని కొందరు అధికారులు అసహ్యంగా ఉందన్నారు. మంత్రి ఆంద్రే మాల్రో వాళ్ళ మాట పక్కనపెట్టి, 1969లో చారిత్రక కట్టడంగా గుర్తించారు. ఇక ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ కూల్చలేరు, మార్చలేరు. ఇప్పుడది ఆ కమ్యూన్ సొంత ఆస్తి. ఏటా లక్షకు పైగా జనం చూడ్డానికి వస్తున్నారు.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఆఫీస్ అయ్యాక చేద్దామని మొదలుపెట్టిన ప్రాజెక్టులు మూడో వారం దాటేవి కావు. అందుకే ఆ 33 ఏళ్ళు నాకు పెద్ద విషయం. కానీ కట్టినాయన ఓపిక ఒక్కటే సరిపోలేదు, చూడండి. దీన్ని ఉంచాలి అని సంతకం పెట్టిన మనిషి కూడా కావాల్సి వచ్చింది. మీ ఊళ్ళో అలాంటి సంతకం కోసం ఎదురుచూస్తున్నది ఏదైనా ఉందా? కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.