క్వాంటం ప్రయోగశాలలో ఒక పరిశోధకుని కృషి

అమరావతిలో 156 క్యూబిట్ల ప్రాసెసర్‌తో కూడిన ఐ.బి.ఎం. క్వాంటం కంప్యూటర్‌ను నెలకొల్పనున్నట్లు 2025 మే 2న ప్రకటించడం జరిగింది. అట్టి యంత్రం చెంత ప్రయోగ పరిశోధకుడు చేసే పని యేమిటో కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు తెలుసుకొనుట అవసరం. ఇందుకు ఐ.బి.ఎం. శాస్త్రవేత్త అభినవ్ కందాల కృషి చక్కని ఉదాహరణ.

ఆయన పిహెచ్.డి. చేసినది కంప్యూటర్లపై కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ నితిన్ సమర్థ్ ప్రయోగశాలలో పలుచని అయస్కాంత పొరలలో విద్యుత్ ప్రవాహాన్ని పరిశీలించారు. భౌతికశాస్త్రం చదివినవారికి ఈ రంగంలో చోటు లేదన్న అపోహకు ఇదే సమాధానం.

అతివాహక క్యూబిట్‌ను పరమశూన్య ఉష్ణోగ్రతకు చేరువగా చల్లబరచినప్పటికీ దాని స్థితి అత్యల్ప కాలంలోనే చెదరిపోతుంది. లెక్కలో దోషం అక్కడే పుడుతుంది. 2017లో కందాల బృందం ఆరు క్యూబిట్లతో బెరీలియం హైడ్రైడ్ అణువు శక్తిని లెక్కించి ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. అయితే ఫలితాలలో దోషం మిగిలింది.

2019లో ఆ బృందం చూపిన ఉపాయం విచిత్రమైనది. దోషాన్ని తగ్గించలేనప్పుడు కావాలనే పెంచి కొలిచారు. నంద్యాల రైతులకు కె.సి. కాలువ సుపరిచితమే. కాలువ సాగేకొద్దీ నీరు ఇంకి తగ్గుతుంది. ఒక మైలు వద్ద, రెండు మైళ్ల వద్ద, మూడు మైళ్ల వద్ద ప్రవాహాన్ని కొలిచినచో తూము వద్ద ఎంత నీరు విడిచారో చూడకనే అంచనా వేయవచ్చు. అదే రీతిన, క్యూబిట్లకు పంపే మైక్రోవేవ్ సంకేతాలను సాగదీసి, దోషం పెరిగిన తీరును బట్టి, దోషమే లేనప్పుడు వచ్చే జవాబును రాబట్టారు.

2023 జూన్‌లో యంగ్‌సోక్ కిమ్, ఆండ్రూ ఎడిన్స్ తదితరులతో కలసి ఇదే మార్గాన్ని 127 క్యూబిట్ల యంత్రంపై, 2,880 రెండు-క్యూబిట్ల ద్వారాలతో పరీక్షించారు. సాధారణ పద్ధతులకు అందని లెక్కగా దానిని భావించగా, కొద్ది వారాలలోనే ఇతర శాస్త్రవేత్తలు మామూలు కంప్యూటర్లపై సాధించి చూపారు. దీనిని ఓటమిగా పరిగణించరాదు. క్వాంటం యంత్రపు జవాబు సరియైనదేనని ఆ లెక్కల వల్లనే మరింతగా రూఢి అయినది.

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 19న రూ. 6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్ 2030-31 వరకు అమలులో ఉంటుంది. ఈ యంత్రాలకు సాఫ్ట్‌వేర్ నిపుణులతో పాటు శీతలీకరణ, మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, పదార్థ విజ్ఞానం తెలిసినవారు కూడా కావలసి ఉన్నది.