నిలవని మబ్బు, నీటిరంగు చిత్రం

రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలలో ఆయన చిత్రాలతోపాటు 1920లలో ఆయన చుట్టూ చేరిన మిత్రబృందం పని కూడా కనిపిస్తుంది కనుక, దానిని ఏడాది పొడవునా సాగే సామూహిక ప్రదర్శనగా చెప్పవచ్చు. అయితే అందులోని నీటిరంగు చిత్రాల ఆయుష్షు మాత్రం అంత నమ్మదగినది కాదు.

ఈ బృందానికి తొలి ప్రేరణ స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే నుంచి వచ్చింది. స్వయంగా నీటిరంగుల చిత్రకారుడైన ఆయన ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగివచ్చి, వరదా వెంకటరత్నం మొదలైన మిత్రులతో కలిసి రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పారు. అనిత్యతను, అంటే ఏదీ నిలిచి ఉండదన్న సత్యాన్ని, బోధించిన బుద్ధుని జీవితం నుంచి ఆయన 'సిద్ధార్థ రాగోదయం' చిత్రం కోసం ఎంచుకున్నది వైరాగ్యాన్ని కాదు, తొలి ప్రేమను. ఆ చిత్రకారుడే 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే, మశూచితో మరణించారు.

రాజమండ్రిని ఆనుకొని పారే గోదావరి దృశ్యాన్ని గీసేవారికి ఆకాశం తప్పని పరీక్ష. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండే నీటి బిందువులు ఒక అంచున ఏర్పడుతూ మరో అంచున ఆవిరైపోతూ ఉండగా మనకు కనిపించే రూపమే మబ్బు. అందువల్ల దూదిపింజల వంటి చిన్న మబ్బు తరచు అరగంటైనా నిలవదు. లండన్‌లో ఔషధాల తయారీదారు ల్యూక్ హోవర్డ్ 1802లో మేఘాలకు వర్గాలు, పేర్లు ఏర్పరచగా, 1821–22లో ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ తన మేఘచిత్రాలు చాలావాటి వెనుక తేదీ, వేళ కూడా రాసుకున్నాడు. ఆయన వాడినవి తైలవర్ణాలు, అంటే నూనెలో కలిపిన రంగులు. అవి ఆరడానికి వ్యవధి పడుతుంది కాబట్టి తప్పు దిద్దుకోవచ్చు. నీటిరంగుకు ఆ సౌకర్యం తక్కువ. సంప్రదాయ నీటిరంగు పద్ధతిలో తెల్లరంగు వాడరు; తడిపిన కాగితం మీద చుట్టూ నీలం, బూడిద రంగులు పారించి, మబ్బు ఉండవలసిన చోటును ఖాళీగా వదిలేస్తారు. మబ్బులోని తెలుపంతా చిత్రకారుడు ముట్టుకోని కాగితమే కనుక, ఎక్కడ ఆగాలో తెలియడంలోనే ఈ కళ నేర్పు చాలావరకు ఉందని చెప్పాలి.

ఆ తెల్లదనానికి డెల్టా వాతావరణమే పెద్ద శత్రువు. మబ్బుకు ప్రాణమైన తేమే నైరుతి రుతుపవన కాలంలో కాగితానికి బూజు పట్టించి, గోధుమరంగు మచ్చలు తెస్తుంది. వెలుతురు రంగులను మెల్లగా చంపుతుంది. అందుకే మ్యూజియంలు నీటిరంగు చిత్రాల మీద పడే వెలుతురును సుమారు 50 లక్స్‌కు, అంటే మసక దీపం పాటికి, పరిమితం చేస్తాయి (లక్స్ వెలుతురు కొలత). వెలుతురు చేసిన నష్టం తిరిగి పూడదు కనుక, కొంతకాలం ప్రదర్శించిన చిత్రాన్ని దించి, చీకటిలో దాచి, దాని స్థానంలో మరొకటి పెట్టడం కూడా పరిపాటి.