బంతికి లక్షలు, చెమటకు ఏడుంబావు

గోల్ఫంటే కర్రతో చిన్న బంతిని కొట్టి గుంటలో వేసే దొరల ఆట. అమెరికాలో అగస్టా అనే ఊళ్లో జరిగే మాస్టర్స్ పోటీలో 1934లో గెలిచిన హార్టన్ స్మిత్‌కు 1,500 డాలర్లిచ్చారు. 2025లో రోరీ మెకిల్‌రాయ్‌కి 42 లక్షలు. 2,800 రెట్లు! ఆ కాలంలోనే అక్కడి ధరలు పెరిగింది దాదాపు 24 రెట్లు.

మరి కూలి? 1938 చట్టం గంటకు కనీసం 25 సెంట్లన్నది. పొలం కూలీలను అందులో చేర్చనే లేదు. 1966 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది, అదీ పెద్ద కమతాల్లో పనిచేసేవాళ్లకే. 2009లో ఆ రేటు 7.25 డాలర్లయింది. (కొన్ని రాష్ట్రాల్లో ఎక్కువుంది, అది పోరాడి తెచ్చుకున్నది.) అదే ఏడు మాస్టర్స్ విజేతకు పదమూడున్నర లక్షలు. 2025 నాటికి బహుమతి మూడింతలు దాటింది, కేంద్ర చట్టం కూలి పైసా కదల్లేదు. మేం లెక్క కట్టాం: రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు ఆ కూలికి చేస్తే 42 లక్షలు రావడానికి 241 ఏళ్లు పడుతుంది. అదీ తిండి మానేసి!

ఆటగాణ్ణి తిట్టి లాభం లేదు. డబ్బు పోసేది టీవీ కంపెనీలు, ప్రకటనల కంపెనీలు. 2022లో సౌదీ ప్రభుత్వ నిధి లివ్ పేరున పోటీలు పెట్టి గెలిచినోడికి 40 లక్షలు చూపింది. ఆటగాళ్లు ఎక్కడ జారిపోతారోనని పాత పిజిఎ టూరు కూడా బహుమతులు పెంచింది. మన దగ్గరా ముమ్మరంగా నాట్లు పడే నాలుగు రోజులు ఇదే తంతు. ఆసాములే ఆటోలు పంపి పిలుస్తారు.