నీలి రంగు చెప్పిన లెక్క

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో సర్జరీ తరగతికి వెళ్లడం ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ కన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పారు.

అప్పటికే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. లక్షణాలు చూసి డాక్టర్లు జబ్బును పోల్చుకునేవారు. ఒంట్లో ఏది కొరవడిందో మాత్రం తేల్చలేకపోయేవారు. తేల్చాలంటే ముందు కొలవాలి. ఆ పని రసాయన శాస్త్రానిది.

1920ల తొలినాళ్లలో సుబ్బారావు బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసి పొట్టపోసుకుంటూ, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేశారు. తర్వాత అక్కడే బయోకెమిస్ట్రీ విభాగంలో శాస్త్రవేత్త సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలిక పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రకటించారు. నమూనాకు ఆమ్లంలో కరిగిన మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జట్టుకడుతుంది. దానికి క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చే రసాయనం) చేరిస్తే ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన.

కండరాల రసంతో చేసినప్పుడు మాత్రం రంగు వెంటనే తేలలేదు, మెల్లమెల్లగా ముదిరింది. ఆమ్లం తగిలితే విడిపోయే ఫాస్ఫరస్ పదార్థమేదో అందులో ఉందన్నమాట. ఆ ఆచూకీ పట్టుకుని వెళితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. 1929లో కణాల శక్తికి ఆధారమైన ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో శాస్త్రవేత్త కార్ల్ లోమన్ సైతం విడిగా దాన్ని కనుగొన్నారు.

సుబ్బారావు 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాక, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తం మళ్లీ పట్టడానికి అది పనికొచ్చింది. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలని తేలాక, ఆ అణువులో కొద్దిపాటి మార్పులతో అమినోప్టెరిన్ తయారుచేశారు. క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లం ఉపయోగపడకుండా అది అడ్డుకుంటుంది. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లల్లో కొందరికి దాంతో తాత్కాలికంగా జబ్బు తగ్గిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వెల్లడించారు. ఒంటికి ఏది కావాలో తెలిస్తే దాన్ని అందించి ఒక జబ్బును, అందకుండా చేసి మరో జబ్బును ఎదుర్కోవచ్చని ఆ రెండు మందులూ చూపించాయి.