నాలుగు సెకన్ల షూస్

2022 డిసెంబర్‌లో జరిగిన కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగును నేను 7 నిమిషాల 21 సెకన్లలో పూర్తి చేశాను. మగవాళ్లకు పెట్టిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆరంటే ఆరు సెకన్లు! ఇంటికొచ్చాక మా బాబాయి, "మంచి షూస్ కొనుక్కోకపోయినవా రా?" అన్నాడు. ఏం చెప్పను? కొనుక్కున్నా కాబట్టే ఇట్లయింది.

మాది కోస్గి. పొద్దుగాల ఐదింటికి గ్రౌండ్‌కి వెళ్తే ఇప్పటికీ పోలీస్, ఆర్మీ ఉద్యోగాల కోసం ఉరికే పిల్లలు కనిపిస్తారు. నన్ను చూడగానే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, పల్చటి షూస్ తీసుకోవాల్నా, మెత్తటివి తీసుకోవాల్నా?" వాళ్లకు నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

కాటా మీద పెట్టి చూశా

ఆ ఏడాది ఆగస్టులో ప్రిలిమ్స్ రాశాక నా టైమింగ్ 7 నిమిషాల 32 సెకన్లు. ఇంకా 17 సెకన్లు తగ్గాలి. ఫోన్లో వీడియోలు చూసి చూసి, బరువు తక్కువ, అడుగు పల్చగా ఉండే షూస్ కొన్నాను. కిరాణా కొట్టు కాటా మీద పెడితే పాత షూ ఒక్కోటి 340 గ్రాములు, కొత్తది 220. ఎగిరి గంతేశాను.

ఆ 120 గ్రాములతో నిజంగా ఎంత లాభం? అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు రన్నర్లతో 3000 మీటర్లు పరుగెత్తించి చూశారు. వాళ్లకు తెలియకుండా షూలో బరువు పెంచారు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే టైమ్ సుమారు 0.78 శాతం పెరిగింది. ఈ లెక్క నా పరుగుకు వేస్తే వచ్చేది నాలుగు సెకన్లు. మిగతా 13 సెకన్లు నా కాళ్లే తేవాలి. ఈ లెక్క నేను ముందు వేసుకోలేదు.

మడమ దిగితే పిక్కకు పని

మామూలు రన్నింగ్ షూలో మడమ కింది భాగం, వేళ్ల కింది భాగం కన్నా 10 మిల్లీమీటర్ల దాకా ఎత్తుగా ఉంటుంది. దీన్నే 'డ్రాప్' అంటారు. పల్చటి షూస్‌లో ఇది సున్నా నుంచి నాలుగు మిల్లీమీటర్లే. మడమ కిందికి దిగిన కొద్దీ పిక్క, దాని కింది నరం ఎక్కువ సాగాలి. అడుగు ముందు భాగం మీద దిగేవాళ్లకు మోకాలి మీద భారం కొంత తగ్గుతుంది. కానీ అది ఎటూ పోదు, పిక్కకూ పాదం ఎముకలకూ చేరుతుంది. 1600 మీటర్లంటే దాదాపు 1,200 అడుగులు. ప్రతి అడుగుకూ మన బరువుకు రెండింతలకు పైనే కాలి మీద పడుతుంది.

నేను మొదటి రోజు నుంచే పూర్తి ప్రాక్టీస్ వాటితోనే చేశాను. అదీ మా గట్టి మొరం నేల మీద. మూడో వారం పాదం పైన ఒక్కచోట, వేలు పెడితే చుర్రుమనే నొప్పి. "ఏం కాదులే" అని ఇంకో వారం ఉరికాను. డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఎముక పగుళ్లకు ముందు దశ అన్నారు. ఆరు వారాలు పరుగు బంద్.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి షూస్‌కి పది వారాల్లో మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్టు ఎమ్మారైలో కనిపించింది. వాళ్లు కొత్తవాళ్లేమీ కాదు, అలవాటున్న రన్నర్లే.

"చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగినోళ్లమే కదా అన్నా" అంటారు పిల్లలు. నిజమే. ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్త కాళ్లతో గెలిచాడు. అదే బికిలా 1964 టోక్యోలో షూస్ వేసుకుని, ఇంకో మూడు నిమిషాలు తక్కువలో గెలిచాడు. ఆయన్ను గెలిపించింది అలవాటైన కాలు. మన కాలు ఆ అలవాటు మరిచి ఏళ్లయింది.

కొంటే ఇట్ల కొనండి

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పెద్ద వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. వేళ్లు పక్కలకు విచ్చుకోవాలి. షూని చేత్తో వంచితే వేళ్ల మొదట్లో వంగాలి. అడుగు మరీ పల్చనైతే మొరం రాళ్లు గుచ్చుకుంటాయి, కొత్తవాళ్లకు ఆ బాధ వద్దు. డ్రాప్ ఎంతో అడగండి. ఇప్పుడు పదిలో ఉంటే ఒకేసారి సున్నాకు దూకొద్దు, ఆరుకో ఎనిమిదికో రండి.

మొదటి వారం వాటితో నడవండి, చివర్లో ఐదు నిమిషాలు మాత్రమే ఉరకండి. ఆ తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచండి. మిగతా ప్రాక్టీస్ పాత షూస్‌తోనే. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించే వ్యాయామం రోజూ చేయండి. పిక్క మొత్తం పట్టేస్తే ఒక రోజు విశ్రాంతి చాలు. ఎముక మీద ఒక్కచోటే నొప్పి ఉంటే మాత్రం పరుగు ఆపి డాక్టర్‌ను కలవండి. ఇలాంటి పగుళ్లు మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఈవెంట్స్‌కి రెండు నెలలే ఉంటే అసలు షూ మార్చకండి. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాల్సిన ఆడపిల్లలకూ ఇదే మాట.

మొన్న ఒక తమ్ముడు కొత్త డబ్బా చంకన పెట్టుకుని గ్రౌండ్‌కి వచ్చాడు. "అన్నా, ఇయ్యాల నాలుగు రౌండ్లు వీటితోనే కొడ్తా" అన్నాడు. ఒక్క రౌండ్ నడిపించి, షూస్ విప్పించి డబ్బాలో పెట్టించాను. మూతి ముడిచాడు. ముడవనీ, కాలు బాగుంటే చాలు.